పాల్ ఎర్లిక్

పాల్ ఎర్లిక్ (మార్చి 14, 1854 - ఆగష్టు 20, 1915) సుప్రసిద్ధ జర్మన్ వైద్యుడు, శాస్త్రవేత్త. రోగకారక క్రిమికి గట్టిగా అంటుకొని, రోగి శరీరానికి అంతగా అంటని అణువులను ప్రయోగశాలలో రూపొందించవచ్చునని ప్రతిపాదించి, దానిని ఆచరణలో చూపినవారిలో ఇతడు అగ్రగణ్యుడు. రసాయన చికిత్స (కీమోథెరపీ) అను మాటను వాడుకలోకి తెచ్చినవాడు ఇతడే. రోగనిరోధక శక్తిపై చేసిన పరిశోధనలకు గాను 1908లో ఇల్యా మెచ్నికోవ్‌తో కలిసి వైద్యశాస్త్రంలో నోబెల్ బహుమతి పొందాడు. సిఫిలిస్ (సవాయి) వ్యాధికి ఇతని ప్రయోగశాలలో తయారైన 606 అను ఆర్సెనిక్ సమ్మేళనం సల్వార్సాన్ పేరుతో ప్రపంచ ప్రసిద్ధి పొందింది.

బాల్యం, విద్యాభ్యాసం

ఎర్లిక్ అప్పటి ప్రష్యా రాజ్యంలోని సైలీషియా ప్రాంతంలో స్ట్రెలెన్ అను చిన్న పట్టణంలో ఒక యూదు కుటుంబంలో జన్మించాడు. ఈ పట్టణం ప్రస్తుతం పోలండులో ఉన్నది. తండ్రి ఇస్మార్ ఎర్లిక్ సత్రం నడుపుతూ మద్యం వ్యాపారం చేసేవాడు. తల్లి రోసా వీగెర్ట్. తల్లి వైపు బంధువైన కార్ల్ వీగెర్ట్ ఎర్లిక్ కంటే తొమ్మిదేళ్ళు పెద్ద. వ్యాధివిజ్ఞానంలో పేరు గడించిన ఈయన కృత్రిమ రంగులతో బాక్టీరియాకు రంగు పట్టించిన తొలి పరిశోధకులలో ఒకడు. ఎర్లిక్‌కు రంగుల మీద ఆసక్తి కలగడానికి ఈయనే కారకుడు.

బ్రెస్లౌ నగరంలో ఉన్నత పాఠశాల విద్య ముగించిన తరువాత ఎర్లిక్ బ్రెస్లౌ, స్ట్రాస్‌బుర్గ్, ఫ్రైబుర్గ్, లైప్‌జిగ్ విశ్వవిద్యాలయాలలో వైద్యవిద్య అభ్యసించాడు. బొగ్గు తారు నుండి రంగులు తయారు చేసే పరిశ్రమ జర్మనీలో అప్పుడే వేగంగా విస్తరిస్తున్నది. ఏటేటా కొత్త రంగులు బజారులోకి వస్తుండేవి. బట్టల అద్దకం కోసం తయారైన ఈ రంగులను ఎర్లిక్ శరీర కణజాలాలపై ప్రయోగించాడు. 1878లో కణజాలాలకు రంగు పట్టించే విధానాలపై లైప్‌జిగ్ విశ్వవిద్యాలయంలో సిద్ధాంతవ్యాసం సమర్పించి డాక్టరేట్ పట్టా పొందాడు. రంగు కణానికి పట్టడం కేవలం నానడం వంటి భౌతిక క్రియ కాదని, అది రసాయనికమైన బంధమని ఈ వ్యాసంలో వాదించాడు. మాస్ట్ కణాలను గుర్తించినది కూడా ఈ కాలంలోనే.

రంగులు, కణాలు

1878లో ఎర్లిక్ బెర్లిన్‌లోని షారిటే ఆసుపత్రిలో ఫ్రెరిక్స్ అను ప్రముఖ వైద్యుని వద్ద చేరాడు. రక్తపు బొట్టును గాజుపలకపై పలుచగా పరచి, ఎండబెట్టి, ఆమ్ల, క్షార స్వభావం గల రంగులతో పరీక్షించాడు. అంతవరకు ఒకే రకంగా కనిపించిన తెల్ల రక్తకణాలలో కొన్ని ఆమ్ల స్వభావం గల ఇయోసిన్ రంగును, కొన్ని క్షార స్వభావం గల రంగులను పట్టుకున్నాయి. ఇయోసినోఫిల్, బేసోఫిల్, న్యూట్రోఫిల్ అను నేటి విభజనకు మూలం ఈ పరిశోధనే. రక్తపరీక్షలో తెల్లకణాలను రకాల వారీగా లెక్కించే పద్ధతికి ఇది పునాది అయినది.

1882 మార్చిలో రాబర్ట్ కోఖ్ క్షయ వ్యాధి కారక క్రిమిని కనుగొన్నట్లు బెర్లిన్‌లో ప్రకటించాడు. ఆ సభలో ఉన్న ఎర్లిక్ వెంటనే ఆ క్రిమికి రంగు పట్టించే పద్ధతిని మెరుగుపరచే పనిలో పడ్డాడు. ఒకసారి రంగు పట్టిన తరువాత ఆమ్లంతో కడిగినా ఈ క్రిమి రంగును వదలదని కనుగొన్నాడు. తరువాత జీల్, నీల్సన్ అనువారు ఈ పద్ధతిని సవరించారు. కళ్ళె పరీక్షలో క్షయ క్రిమిని గుర్తించుటకు ఆ పద్ధతి నేటికీ వాడుకలో ఉన్నది.

1885లో జీవకణాలు ప్రాణవాయువును వినియోగించుకునే తీరుపై ఒక గ్రంథం వెలువరించాడు. జంతువు శరీరంలోకి ఎక్కించిన కొన్ని రంగులు అన్ని అవయవాలకు పట్టినా మెదడుకు మాత్రం పట్టకపోవడం ఈ ప్రయోగాలలో గమనించాడు. రక్తానికి, మెదడుకు మధ్య ఒక అవరోధం ఉన్నదని తరువాతి వారు గుర్తించడానికి ఇది తొలి ఆధారం. దీనికి భిన్నంగా మిథిలీన్ బ్లూ అను నీలిరంగు బ్రతికి ఉన్న జంతువులోని నరాలకు పట్టేది. ఏ అణువు ఎక్కడ అంటుకుంటుందో దాని నిర్మాణాన్ని బట్టి ఉంటుందన్న అభిప్రాయం ఎర్లిక్‌లో అప్పటి నుండి బలపడింది.

1883లో హెడ్విగ్ పింకుస్‌ను వివాహమాడాడు. వీరికి ఇద్దరు కుమార్తెలు కలిగారు.

1885లో ఫ్రెరిక్స్ మరణానంతరం ఆసుపత్రిలో ఎర్లిక్‌కు పరిశోధనావకాశాలు తగ్గాయి. ఇంతలో క్షయ సోకింది. వ్యాధి నయం చేసుకొనుటకు 1888లో ఈజిప్టు వెళ్ళి, మరుసటి సంవత్సరం కోలుకొని తిరిగి వచ్చాడు. అప్పటికి ఏ ఉద్యోగమూ లేనందున బెర్లిన్‌లో సొంతంగా ఒక చిన్న ప్రయోగశాల ఏర్పాటు చేసుకున్నాడు.

గురివింద, ఆముదం

ఈ కాలంలో ఎర్లిక్ చేసిన ముఖ్య ప్రయోగాలకు వాడిన విషాలు తెలుగువారికి చిరపరిచితమైన గింజల నుండి వచ్చినవే. ఆముదపు గింజలలోని రిసిన్, గురివింద గింజలలోని ఆబ్రిన్ అతి స్వల్ప మోతాదులోనే ప్రాణం తీయగల మాంసకృత్తులు. చిట్టెలుకలకు రిసిన్‌ను ముందు బహు కొద్దిగా ఇచ్చి, క్రమంగా మోతాదు పెంచుతూ పోయాడు. కొన్ని వారాలకు అవి మామూలు ఎలుకలను చంపగల మోతాదుకు అనేక రెట్లు తట్టుకోగలిగాయి. అయితే రిసిన్‌కు అలవాటు పడిన ఎలుక ఆబ్రిన్ ఇస్తే చనిపోయేది. శరీరం తయారు చేసుకునే ప్రతివిషం తనకు సంబంధించిన ఒక్క విషాన్నే గుర్తుపడుతుందని దీనివలన తేలింది. ఈ రక్షణ తల్లి పాల ద్వారా పిల్లలకు చేరుతుందని కూడా నిరూపించాడు.

1891లో రాబర్ట్ కోఖ్ తన నూతన అంటువ్యాధుల పరిశోధన సంస్థలోకి ఎర్లిక్‌ను ఆహ్వానించాడు. అక్కడ ఎమిల్ ఫాన్ బేరింగ్ కంఠసర్పి (డిఫ్తీరియా) వ్యాధికి విరుగుడు సీరం తయారు చేసే పనిలో ఉన్నాడు. సీరం ఒక్కొక్కసారి ఒక్కొక్క బలంతో ఉండేది. అందువలన వైద్యునికి ఎంత ఎక్కించాలో తెలిసేది కాదు. ఎర్లిక్ ఎక్కువ బలమైన సీరం తీయుటకు గుర్రాలను క్రమపద్ధతిలో సిద్ధం చేసే విధానాన్ని, సీరం బలాన్ని కొలిచే ప్రమాణాన్ని రూపొందించాడు. విషం నిలవ ఉన్నకొద్దీ క్షీణిస్తుంది గనుక, గాలి తీసిన గొట్టాలలో ఎండబెట్టి భద్రపరచిన విరుగుడు సీరాన్నే ప్రమాణంగా నిర్ణయించాడు. మందు అమ్ముటకు ముందు దాని బలాన్ని ప్రభుత్వ సంస్థ పరీక్షించే పద్ధతి ఈ విధంగా స్థిరపడింది. ఈ పని కోసం 1896లో బెర్లిన్ సమీపాన స్టెగ్లిట్స్‌లో ఒక సంస్థ ఏర్పడి, ఎర్లిక్ దానికి అధిపతి అయ్యాడు. 1899లో ఈ సంస్థ ఫ్రాంక్‌ఫర్ట్ నగరానికి తరలింది. సీరం వలన వచ్చిన ఆదాయం, ఖ్యాతి విషయాలలో బేరింగ్‌తో మనస్పర్థలు వచ్చి వారి స్నేహం చెడింది. 1901లో వైద్యశాస్త్రంలో మొట్టమొదటి నోబెల్ బహుమతి బేరింగ్‌కు లభించింది.

పార్శ్వ శృంఖలా సిద్ధాంతం

ఒక విషానికి దాని ప్రతివిషం మాత్రమే ఎట్లు అతుకుతుంది అను ప్రశ్నకు సమాధానంగా 1897లో ఎర్లిక్ పార్శ్వ శృంఖలా సిద్ధాంతాన్ని ప్రకటించాడు. దీని ప్రకారం జీవకణానికి బయటి వైపు అనేక పార్శ్వ శృంఖలాలు ఉంటాయి. ఆహార పదార్థాలను పట్టుకొనుట వీటి సహజ కార్యం. విషపు అణువు ఆకారం దైవికంగా ఒక శృంఖలానికి సరిపోయినపుడు దానికి అతుక్కొని, ఆ శృంఖలాన్ని పనికిరాకుండా చేస్తుంది. కణం ఆ లోటును పూడ్చుకొనుటకు అట్టి శృంఖలాలను అవసరానికి మించి తయారు చేస్తుంది. అధికంగా తయారైనవి రక్తంలోకి రాలిపడతాయి. ప్రతివిషం అంటే ఇవే. శృంఖలాలకు తరువాత గ్రాహకాలు అని పేరు పెట్టాడు. ఎంజైమునకు, అది పనిచేసే పదార్థానికి గల సంబంధాన్ని 1894లో రసాయనవేత్త ఎమిల్ ఫిషర్ తాళానికి, తాళంచెవికి గల సంబంధంతో పోల్చాడు. ఎర్లిక్ ఆ పోలికను తన సిద్ధాంతానికి అన్వయించుకున్నాడు. 1900లో లండన్ రాయల్ సొసైటీలో దీనిపై ప్రసంగించాడు.

ఈ సిద్ధాంతం పట్ల వ్యతిరేకత కూడా బలంగానే ఉండేది. స్వీడన్ శాస్త్రవేత్త అరీనియస్ విషం, ప్రతివిషాల కలయిక విడదీయరానిది కాదని, అది ఇరువైపులా జరిగే రసాయన సమతాస్థితి అని వాదించాడు. ప్రకృతిలో ఎన్నడూ లేని కృత్రిమ పదార్థాలకు కూడా శరీరం ప్రతిరక్షకాలను తయారు చేయగలదని తరువాతి కాలంలో కార్ల్ లాండ్‌స్టైనర్ చూపాడు. ఆహారాన్ని పట్టుకొనుటకు ఏర్పడిన శృంఖలాలే ప్రతివిషాలవుతాయన్న వివరణ దీనికి సరిపోలేదు. కానీ కణంపై ముందే ఉన్న గ్రాహకాన్ని బయటి పదార్థం ఎంచుకుంటుందన్న మూలభావం 1950లలో ఫ్రాంక్ మాక్‌ఫార్లేన్ బర్నెట్ సిద్ధాంతంలో సవరించిన రూపంలో తిరిగి నిలబడింది.

రంగు నుండి మందు

ప్రతివిషం తన లక్ష్యాన్ని మాత్రమే వెతుక్కుంటూ పోతుంది. అయితే అన్ని వ్యాధులకు అట్టి సీరం తయారు కాలేదు. శరీరం చేయలేని చోట రసాయనవేత్త అట్టి అణువును చేయగలడా అన్నది ఎర్లిక్ తరువాతి జీవితమంతా వెంటాడిన ప్రశ్న. ఒక రంగు క్రిమికి పట్టి, పక్కనున్న కణానికి పట్టనపుడు, ఆ రంగుతో పాటు విషాన్ని కూడా క్రిమికే చేర్చవచ్చునని తలచాడు. ఇట్టి మందును అతడు గురి తప్పని మంత్రించిన తూటాగా ఊహించాడు. తెలుగులో రామబాణం అనే మాటకు ఇది దగ్గరి భావన.

1891లోనే ఎర్లిక్, పాల్ గుట్‌మన్ అను వైద్యునితో కలిసి ఇద్దరు మలేరియా రోగులకు మిథిలీన్ బ్లూ ఇచ్చాడు. ఈ రంగు మలేరియా పరాన్నజీవికి పడుతుందని అప్పటికే తెలుసు. రోగులు కోలుకున్నారు. పూర్తిగా ప్రయోగశాలలో తయారైన పదార్థంతో మనుషుల అంటువ్యాధికి చికిత్స చేసిన తొలి సందర్భాలలో ఇది ఒకటి. కానీ క్వినైన్‌తో పోలిస్తే దీని బలం తక్కువ. మలేరియాను ప్రయోగశాల జంతువులలో పరీక్షించే వీలు లేకపోవడంతో ఆ పని అక్కడే ఆగిపోయింది.

ఫ్రాంక్‌ఫర్ట్‌లో ఎలుకలకు సోకించగల ట్రిపనోసోమ్ అను పరాన్నజీవిని ఎంచుకున్నాడు. ఈ జాతి క్రిములు ఆఫ్రికాలో అతినిద్ర వ్యాధిని కలిగిస్తాయి. జపాన్ శాస్త్రవేత్త కియోషి షిగాతో కలిసి వందకు పైగా రంగులను చిట్టెలుకలపై పరీక్షించాడు. ఒక రంగు కొద్దిపాటి ఫలితం ఇచ్చినా అది నీటిలో సరిగా కరగనందువల్ల శరీరంలో వ్యాపించడం లేదని గ్రహించి, కరిగే గుణాన్నిచ్చే సమూహాన్ని అదనంగా చేర్పించాడు. అట్లు వచ్చిన ట్రిపాన్ రెడ్ 1904లో వ్యాధి సోకిన చిట్టెలుకలను బ్రతికించింది. ఇతర జంతువులలో మాత్రం అంతగా పని చేయలేదు. కానీ అణువులో ఒక భాగాన్ని మార్చి, ఫలితాన్ని జంతువులో కొలిచి, తిరిగి మార్చే పద్ధతి దీనితో రూపుదిద్దుకున్నది. రోగాన్ని నయం చేయు మోతాదు, శరీరం తట్టుకోగల మోతాదు, ఈ రెండింటి మధ్య నిష్పత్తియే మందుకు అసలు కొలమానమని ఎర్లిక్ నిర్ణయించాడు.

అటాక్సిల్ నిర్మాణం

1905లో ఇంగ్లాండు పరిశోధకులు అటాక్సిల్ అను ఆర్సెనిక్ సమ్మేళనం ట్రిపనోసోమ్‌లపై పనిచేస్తుందని ప్రకటించారు. రాబర్ట్ కోఖ్ తూర్పు ఆఫ్రికాలో అతినిద్ర రోగులకు దీనిని ఇచ్చాడు. కానీ కొందరు రోగులు శాశ్వతంగా చూపు కోల్పోయారు. క్రిమిని చంపే శక్తిని ఉంచి కంటి నరాన్ని దెబ్బతీసే గుణాన్ని తొలగించడం ఎర్లిక్ ముందు నిలిచిన సమస్య.

1906లో ఫ్రాంక్‌ఫర్ట్ బ్యాంకరు గేఓర్గ్ స్పైయర్ భార్య ఫ్రాంజిస్కా స్పైయర్ తన భర్త స్మృత్యర్థం ఇచ్చిన విరాళంతో రసాయన చికిత్సా పరిశోధనకు ఒక ప్రత్యేక సంస్థ వెలసింది. అక్కడ ఆల్‌ఫ్రెడ్ బెర్ట్‌హైమ్ ఎర్లిక్‌కు ముఖ్య రసాయనవేత్త. అటాక్సిల్‌లో ఆర్సెనిక్ నత్రజనికి అతుక్కొని ఉంటుందని అంతవరకు అందరూ నమ్మేవారు. అదే నిజమైతే దానిని మార్చబోయిన వెంటనే అణువు విడిపోతుంది. 1907లో ఎర్లిక్, బెర్ట్‌హైమ్‌లు ఆర్సెనిక్ నేరుగా బెంజీన్ వలయంలోని కార్బనుకు అతుక్కొని ఉన్నదని, వలయానికి ఎదుటి కొసన అమైనో సమూహం స్వేచ్ఛగా ఉన్నదని రుజువు చేసారు. దీనితో మార్గం సుగమమైనది. వలయాన్ని చెడగొట్టకుండా దానిపైని సమూహాలను ఒకదాని తరువాత ఒకటి మార్చి వందలాది సమ్మేళనాలు తయారు చేసారు.

పరీక్ష నాళికలో ట్రిపనోసోమ్‌లను చంపని అటాక్సిల్ శరీరంలో వాటిని చంపుతున్నది. ఆర్సెనిక్ ఐదు సంయోజకత గల రూపం నుండి మూడు సంయోజకత గల రూపానికి శరీరంలో మారడమే దీనికి కారణమని గుర్తించి, ఆ రెండవ రూపాన్నే నేరుగా తయారు చేయించాడు. తక్కువ మోతాదులో చికిత్స పొందిన ఎలుకలలోని క్రిములు మందుకు లొంగకుండా పోవడం కూడా ఇక్కడే గమనించారు. ఆర్సెనిక్‌కు లొంగని క్రిమి ఒక రకం రంగుకు లొంగేది. ఆ రంగుకు లొంగనిది ఆర్సెనిక్‌కు లొంగేది. ఒక్కొక్క మందుకు క్రిమిలో ఒక్కొక్క గ్రాహకం ఉన్నదనుటకు ఎర్లిక్ దీనిని నిదర్శనంగా తీసుకున్నాడు. మందులకు గ్రాహకాలు ఉంటాయన్న విషయంలో అంతకు ముందు ఇతనికే సందేహం ఉండేది.

606

1905లో షౌడిన్, హాఫ్‌మన్ సిఫిలిస్‌కు కారణమైన స్పైరోకీట్ క్రిమిని కనుగొన్నారు. అప్పట్లో ఈ వ్యాధికి పాదరసమే ప్రధాన చికిత్స. దానివలన పళ్ళు ఊడటం, మూత్రపిండాలు చెడటం సాధారణం. 1909లో జపాన్ నుండి వచ్చిన సహచిరో హాటా కుందేళ్ళకు సిఫిలిస్ సోకించే పద్ధతిలో నిపుణుడు. ఎర్లిక్ అతనికి పాత సమ్మేళనాలన్నీ మళ్ళీ పరీక్షించే పని అప్పగించాడు. వాటిలో 606 సంఖ్య గలది అంతకు ముందే తయారై, మరొక సహాయకుని పరీక్షలో పనికిరాదని పక్కన పెట్టబడినది. హాటా దానిని ఒక్కసారి ఎక్కించగానే కుందేలు పుండ్లలోని స్పైరోకీట్లు మాయమయ్యాయి. కొన్ని వారాలలో పుండ్లు మానిపోయాయి.

ఆసుపత్రులలో రోగులపై పరీక్షల అనంతరం 1910 ఏప్రిల్‌లో వీస్‌బాడెన్‌లో జరిగిన వైద్యుల మహాసభలో ఈ మందు వివరాలు ప్రకటించారు. వెంటనే ప్రపంచం నలుమూలల నుండి అభ్యర్థనలు వెల్లువెత్తాయి. బజారులో పెట్టక ముందే సుమారు 65,000 మోతాదులను ఉచితంగా వైద్యులకు పంపి, ఫలితాలను తెలియజేయమని కోరాడు. 1910 చివరలో హోక్స్ట్ కంపెనీ సల్వార్సాన్ పేరుతో అమ్మకం ప్రారంభించింది.

సల్వార్సాన్ వాడటం కష్టమైన పని. ఈ పసుపుపచ్చని పొడి గాలి తగిలితే చెడిపోయి విషపూరితమవుతుంది. అందుచేత గాలి చొరని గాజు గొట్టాలలో సీలు వేసి పంపేవారు. వైద్యుడు దానిని నీటిలో కరిగించి, క్షారంతో సరిచేసి, ఆలస్యం చేయక నరంలోకి ఎక్కించాలి. ఈ పనిలో జరిగిన లోపాల వలన కొందరు రోగులకు హాని కలిగింది. సులువుగా కరిగే నియోసాల్వార్సాన్ (914) 1912లో వచ్చింది. కానీ అది కొంత బలహీనమైనది. ఒకే మోతాదుతో క్రిములన్నిటినీ నిర్మూలించాలన్న ఎర్లిక్ ఆశయం మనుషులలో నెరవేరలేదు. నెలల తరబడి పలుమార్లు ఎక్కించవలసి వచ్చేది.

వివాదాలు

మందు వలన చెవుడు, కామెర్లు, మరణాలు సంభవించిన వార్తలు పత్రికలకెక్కాయి. ప్రతి ప్రమాదం వివరాలనూ తెప్పించుకొని ఎర్లిక్ స్వయంగా పరిశీలించేవాడు. కొన్నిటికి వాడిన నీటి దోషాన్ని, కొన్నిటికి మోతాదు దోషాన్ని, కొన్నిటికి వ్యాధి ముదిరిన స్థితిని కారణంగా చూపాడు. కానీ ఆర్సెనిక్ అణువు గురి అప్పుడప్పుడు తప్పుతున్నదనుట కాదనలేని విషయం. యూదు వ్యతిరేకులు ఈ అవకాశాన్ని వాడుకున్నారు. 1914 మార్చిలో ఈ మందుపై జర్మన్ పార్లమెంటులో చర్చ జరిగింది. ఫ్రాంక్‌ఫర్ట్‌లో వేశ్యలకు వారి ఇష్టానికి వ్యతిరేకంగా సల్వార్సాన్ ఎక్కించారని కార్ల్ వాస్‌మన్ అను పత్రికా నిర్వాహకుడు ఆరోపించగా, అది కోర్టుకెక్కింది. ఎర్లిక్ సాక్ష్యం చెప్పాడు. వాస్‌మన్‌కు ఏడాది జైలు శిక్ష పడింది. రోగి అంగీకారం లేకుండా చికిత్స చేయవచ్చునా అన్న ప్రశ్న మాత్రం ఆ తీర్పుతో తీరలేదు.

వ్యక్తిత్వం

ఎర్లిక్ చుట్టలు విపరీతంగా కాల్చేవాడు. గది నిండా పుస్తకాలు, పత్రికలు గుట్టలుగా పడి ఉండేవి. ప్రతి ఉదయం సహాయకులందరికీ ఆ రోజు చేయవలసిన పనులను రంగు కాగితపు ముక్కలపై వ్రాసి పంపేవాడు. కాగితం దొరకనపుడు చొక్కా చేతుల మీద, బల్లగుడ్డ మీద రసాయన సూత్రాలు వ్రాసేవాడు. అపరాధ పరిశోధక కథలంటే ఇష్టం. యూదుడైనందున జర్మన్ విశ్వవిద్యాలయాలలో పూర్తి స్థాయి ఆచార్య పదవి చాలాకాలం దక్కలేదు. 1914లో ఫ్రాంక్‌ఫర్ట్ విశ్వవిద్యాలయం ఏర్పడినపుడే అది లభించింది.

చివరి రోజులు

మొదటి ప్రపంచ యుద్ధం ఆరంభంలో జర్మన్ సైన్యాన్ని సమర్థిస్తూ 93 మంది మేధావులు వెలువరించిన ప్రకటనపై ఎర్లిక్ కూడా సంతకం చేసాడు. యుద్ధం వలన విదేశీ శాస్త్రవేత్తలతో సంబంధాలు తెగిపోయాయి. బెర్ట్‌హైమ్ 1914 ఆగష్టులోనే ప్రమాదవశాత్తు మరణించాడు. 1914 చివరలో ఎర్లిక్‌కు స్వల్పంగా పక్షవాతం సోకింది. విశ్రాంతి కోసం వెళ్ళిన బాడ్ హోంబుర్గ్‌లో ఆగష్టు 20, 1915న గుండెపోటుతో మరణించాడు. ఫ్రాంక్‌ఫర్ట్‌లోని యూదు శ్మశానవాటికలో సమాధి చేసారు.

నాజీల పాలనలో ఫ్రాంక్‌ఫర్ట్ వీధికి ఉన్న ఇతని పేరును తొలగించారు. యుద్ధానంతరం దానిని పునరుద్ధరించారు. 1940లో అమెరికాలో ఇతని జీవితంపై చలనచిత్రం వచ్చింది. యూరో రాక ముందు జర్మనీ 200 మార్కుల నోటుపై ఇతని చిత్రం ఉండేది. మందులను, టీకాలను పరీక్షించే జర్మన్ ప్రభుత్వ సంస్థకు ఇతని పేరే ఉన్నది.

పరిశోధనల ప్రభావం

1940లలో పెన్సిలిన్ రాకతో సల్వార్సాన్ వాడుక నుండి తొలగిపోయింది. ఎర్లిక్ దాని అణువులో రెండు ఆర్సెనిక్ పరమాణువుల మధ్య ద్విబంధం ఉన్నదని భావించాడు. 2005లో న్యూజీలాండ్ పరిశోధకులు అది నిజం కాదని, మూడు లేదా ఐదు ఆర్సెనిక్ పరమాణువులు ఏకబంధాలతో వలయాలుగా ఏర్పడిన మిశ్రమమని తేల్చారు. నిర్మాణం తప్పుగా ఊహించినా, నిర్మాణాన్ని మారుస్తూ పోయే పద్ధతి నిలిచింది. 1920లలో మిథిలీన్ బ్లూ నిర్మాణం ఆధారంగా మలేరియాకు పామాక్విన్ తయారైనది. 1935లో గెర్హార్డ్ డోమాక్ ప్రకటించిన ప్రాంటోసిల్ కూడా ఒక రంగే. సల్ఫా మందులకు ఇది నాంది.

అమెరికాలోని లెడర్లే ప్రయోగశాలలో తెలుగువాడైన ఎల్లాప్రగడ సుబ్బారావు నాయకత్వాన తయారైన అమినోప్టెరిన్ ఫోలిక్ ఆమ్లాన్ని పోలి, అతి స్వల్పంగా మాత్రమే భిన్నమైన అణువు. ఎంజైము దీనిని ఫోలిక్ ఆమ్లమని భ్రమించి పట్టుకొని స్తంభించిపోతుంది. 1947-48లో సిడ్నీ ఫార్బర్ దీనితో పిల్లల రక్త క్యాన్సరును తాత్కాలికంగా తగ్గించగలిగాడు. రసాయన చికిత్స అను ఎర్లిక్ మాట క్యాన్సరుకు అన్వయించడం ఈ కాలం నుండే స్థిరపడింది. గ్రాహకాన్ని గుర్తించి దానికి సరిపడు అణువును తయారు చేయుట ఔషధ పరిశోధనలో నేటికీ ముఖ్య మార్గం. నయం చేయు మోతాదుకు, తట్టుకోగల మోతాదుకు మధ్య ఎంత ఎడం ఉన్నదని ఎర్లిక్ వేసిన ప్రశ్నకు ప్రతి కొత్త మందూ జవాబు చెప్పవలసి ఉన్నది.